బోర్లించిన చెంబు

ఆషాఢ బహుళ అష్టమి

బాయిలర్ బాగానే ఉంది. కింది రాతిలోంచి వేడి ఎప్పటిలాగే వస్తోంది. రెండో వీధి పైపు కొంచెం కారుతుంటే గుడ్డ చుట్టి కట్టాను. ఉడుకునీళ్ళ గది రోజువారీ రాతలో ఇంతకుమించి రాయక్కర్లేదని పంచాయతీవాళ్ళు చెప్పారు. కానీ పలకలో ఇంకా బోలెడంత చోటు కనిపిస్తుంటే నా చెయ్యి ఊరుకోదు. ఎవరూ చదవరు కాబట్టి తోచింది రాసుకుంటాను.

ఈ రోజు తోచింది మా వాడి కడుపు గురించి. పొద్దున లేచిన దగ్గర్నుంచి వాంతులే. పేరు మద్దిలేటి, పదహారేళ్ళు. వాళ్ళ నాయన ముచ్చటపడి తాత పేరు పెట్టుకున్నాడు. దొరగారు మాత్రం స్నేహితుల దగ్గర మ్యాడీ. నేను వీధిలో నిలబడి మద్దిలేటీ అని గట్టిగా పిలిస్తే తల ఎక్కడ దాచుకోవాలో తెలియక గోడలు చూస్తాడు.

రాత్రి తిన్న పుట్టగొడుగుల కూర పడలేదనుకున్నాను. ఈ కొండ కడుపులో మాకు పండేవే అవి, అవీ పడకపోతే ఏం తిని బతుకుతావురా అని తిట్టాను కూడా. వాము నమిలించాను, జీలకర్ర నీళ్ళు తాగించాను. ఏదీ లోపల నిలవలేదు.

"మా, ఒగ బకీటు ఉడుకునీళ్ళు ఇయ్యి మా. కడుపు మీంద పోసుకుంటే హాయిగుంటాది," అన్నాడు చివరికి.

మా ఊరు లోనూరులో ఉడుకునీళ్ళు మనిషికి రోజుకొక బకీటు. వాడిది వాడికిచ్చి, నాదీ వాడికే ఇచ్చాను. కాసేపటికి ముఖం తేటపడి లేచి కూర్చున్నాడు. నా చేతిలో ఉన్న నీళ్ళు నా బిడ్డకు మందైనందుకు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

శ్రావణ శుద్ధ పంచమి

బాయిలర్ బాగానే ఉంది. మద్దిలేటి బాగా లేడు. నాలుగు రోజులు బాగుంటాడు, మళ్ళీ మొదలు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతాడు. స్నానాల గదిలోకి పోతే బయటికి రాడు.

ఈ రోజు గడప మీద చెంబు పెట్టాను. పైన నేల కాలిపోయి మా జేజితాతలు ఈ కొండ లోపలికి దిగిన కాలంలో పుట్టిన ఆచారమిది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే గడప మీద ఇత్తడి చెంబు పెడతారు. దారిన పోయేవాళ్ళు తమ వంతులోంచి ఒక ముంతెడు ఉడుకునీళ్ళు అందులో పోసి పోతారు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు. రోగి లేచి తిరిగితే చెంబు బోర్లిస్తారు. పోయినా బోర్లిస్తారు. రెండిట్లో ఏదో లోపలి ఏడుపును బట్టి తెలుస్తుంది.

సాయంత్రానికి చెంబు ఎన్నిసార్లు నిండిందో. నిండినప్పుడల్లా తెచ్చి వాడి బకీటులో పోశాను. మా వీధి మంచిదని మా నాయన ఊరికే అనేవాడు కాదు.

మా అన్న కంబగిరి కూడా తన వంతు తెచ్చి పోసి, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఊరి గాలి చూసేది ఆయనే. మాకందరికీ ఉన్నది ఒకే గాలి, తిప్పి తిప్పి దాన్నే పీలుస్తాం. అందుకని ప్రతి మలుపులోనూ వాసన పెట్టెలు బిగించాడు. ఒకప్పుడు పైకి పనికిపోయే కుర్రాళ్ళు గంజాయి తెచ్చి కాల్చేవాళ్ళు. ఆ పొగ ఇంత సోకితే చాలు, పెట్టె కూస్తుంది. దొరికిన పిల్లవాణ్ణి పైకి పంపిస్తారు, ఎండలో కరెంటు పుట్టించే పలకలు తుడిచే పనికి. మద్దిలేటి వాళ్ళ నాయన జీతానికి ఆ పనికే పోయి ఆ ఎండకే పోయాడు. అందుకని ఆ శిక్ష పేరెత్తితే మా ఇంట్లో ముద్ద దిగదు.

"ఏమ్మే చౌడీ, మా పెట్టెలు కూసి ఎన్నేండ్లయిందో తెలుసునా? గంజాయి లేని ఊరు అని ద్వారం కాడ బోర్డు రాపిచ్చినాం. సుట్టుపక్కల కొండల్లో ఇట్లాంటి ఊరు ఇంగొకటి ల్యాదు," అన్నాడు మా అన్న.

"నీ పెట్టెలు సల్లగుండ. నీ మేనల్లుని కడుపు సంగతేందో జెప్పు," అన్నాను.

"ఈ వయసులో తిండి సరిగా తినరు, నిద్ర సరిగా పోరు. ఉడుకునీళ్ళు పొయ్యి, అదే పోతాది," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

శ్రావణ బహుళ తదియ

ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టర్ నస్రీన్ మా వీధిలోనే పెరిగిన పిల్ల. చిన్నప్పుడు నా దగ్గర బకీటు పట్టుకుని లైన్లో నిలబడేది, ఇప్పుడు నన్ను లైన్లో నిలబెడుతుంది. నాడి చూసింది, కడుపు నొక్కింది, రక్తం తీసింది. గుండె ఎందుకింత వేగంగా కొట్టుకుంటోందని వాణ్ణే అడిగింది. వాడు గోడ చూశాడు.

"మ్యాడీ, ఏమన్నా పీలుస్తాండావా? నాకు చెప్పు. నేను ఎవురికీ చెప్పను," అంది మెల్లగా.

వాడు నోరు తెరిచే లోపల నేను లేచాను. "ఏం మాట డాక్టరమ్మా అది? నా కొడుకు అట్లాంటోడు కాదు. వాళ్ళ మామ ఎవురో తెలుసు గదా నీకు?"

ఆమె గంజాయి పరీక్ష కూడా చేసింది. కాగితంలో ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితం ఆమె చేతిలోంచి దాదాపు లాక్కున్నాను. ఇంటికొచ్చే దారిలో ఎదురైన వాళ్ళందరికీ వినపడేలా డాక్టర్ల బుద్ధి గురించి నాలుగు మాటలన్నాను. మద్దిలేటి నా పక్కనే తల వంచుకుని నడిచాడు. పాపం, అవమానపడ్డాడనుకున్నాను.

భాద్రపద శుద్ధ చవితి

వినాయక చవితి. పసుపుముద్దతో చిన్న బొమ్మ చేసి, దాచిపెట్టుకున్న బియ్యప్పిండితో ఉండ్రాళ్ళు చేశాను. మద్దిలేటి ఒకటి నోట్లో పెట్టుకున్నాడు, అంతే, పరిగెత్తాడు.

వాడి చొక్కాలన్నీ వదులైపోయాయి. వీపు మీదా పొట్ట మీదా చర్మం వల పరిచినట్టు ఎర్రగా నల్లగా మచ్చలు కట్టింది. వేడి చేసిందని ఆముదం రాశాను. ఆముదం ఇంకాక మళ్ళీ వేడి నీళ్ళే పోశాను.

ఇంకా ఘనకార్యం ఒకటి చేశాను. మా ఇంటికి పోయే పైపు వాల్వు ఎవరికీ తెలియకుండా ఎక్కువ తిప్పాను, నీళ్ళు ఇంకా కాగి రావాలని. ఈ గదిలో పనికి చేరిన తర్వాత నియమం తప్పింది ఇదే మొదటిసారి. తప్పనిపించలేదు, తల్లినయ్యాక ఇది కూడా చేయకపోతే ఎట్లా అనిపించింది. వీధివాళ్ళూ అంతే. పండగపూట తలస్నానం మానుకుని మా చెంబులో పోసినవాళ్ళున్నారు.

వాడు ఆ ఆవిరిలో కూర్చుని కళ్ళు మూసుకుని, "ఇంగ కొంచెం మా, ఇంగ కొంచెం," అంటూనే ఉన్నాడు. పోస్తూనే ఉన్నాను.

భాద్రపద బహుళ విదియ

బాయిలర్ సంగతి నాకు తెలియదు. ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున స్నానాల గదిలో దబ్బున చప్పుడైంది. తలుపు నెట్టి చూస్తే మద్దిలేటి కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. నోట్లో నురగ. కంబగిరన్న ఎత్తుకుని పరిగెత్తాడు. సూది వేశాక కొట్టుకోవడం ఆగింది. అప్పుడు నస్రీన్ నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, పిల్లోడు ఒంటికి, అదే మూత్రానికి, పోయి ఎంతసేపయింది?"

నాకు గుర్తు రాలేదు. అంతకుముందు రెండు రోజులుగా పోయినట్టే లేడు. చూస్తూనే ఉన్నానే, ఎందుకు చూడలేదు నేను?

"ఇంగొకటి చెప్పు. వాంతులొచ్చినప్పుడు ఉడుకునీళ్ళు పోసుకుంటే వానికి హాయిగుంటాందా?"

ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత కష్టంలోనూ గర్వంగా చెప్పాను. "ఔను డాక్టరమ్మా. అదొకటే వాన్ని కాపాడతాండేది. ఊరంతా మా చెంబులో పోస్తాండారు. నేను వాల్వు గూడా పెంచినా."

నస్రీన్ కుర్చీలో కూలబడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఒక డాక్టరు అట్లా చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత మద్దిలేటి దగ్గర కూర్చుని, "నాకు తెలిసిపోయింది నాయనా. పైకి పంపియ్యరు, నాదీ పూచీ. ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

వాడు నా వైపు చూడకుండా చెప్పాడు. "పోయినేడు నుంచి. మబ్బు."

మబ్బు. ఆకాశమే చూడని పిల్లలు పెట్టుకున్న పేరు. పెన్నులాంటి గొట్టంలో ఉంటుందట, పీలిస్తే ఆవిరి, అంతే. పైకి పోయి వచ్చే లారీల్లో గ్రీజు డబ్బాల మధ్య దిగుతోందట. వాసన లేదు, పొగ లేదు, పెట్టె కూయదు. మొదట్లో స్నేహితుడి దగ్గర ఒక్కసారి, తర్వాత రోజూ, తర్వాత లేస్తూనే. కడుపు తిప్పుతుంటే అదే తగ్గిస్తుందని ఇంకొంచెం పీల్చేవాడట.

"ఇది గంజాయి ఆకు గాదు అక్కా," అంది నస్రీన్ నాతో. "ఆకు చేసే పనికి ల్యాబులో తయారుచేసిన నకలు. ఆకు కంటే ఎన్నో రెట్లు గట్టిది. మన పరీక్షకు ఆకు దొరుకుతాది గానీ ఇది దొరకదు. రోజూ పీలిస్తే ఆకుతో అయినా దీనితో అయినా కొంతమందికి ఇట్లాంటి వాంతులు పట్టుకుంటాయి. ఉడుకునీళ్ళు పోసుకున్నంతసేపే హాయి. దీనికి అదే గుర్తు. నేను మొదటిరోజే అడగల్సిన మాట అది. పీల్చేది మానితే తప్ప తగ్గదు."

"మరి ఒంటికి పోకపోవడం?"

"వాంతులతో ఒంట్లో నీళ్ళు పోయినాయి. ఉడుకునీళ్ళకు చెమట పట్టి మిగిలినవీ పోయినాయి. ఆ మబ్బు మందు కూడా కిడ్నీలను తినేస్తాది. అన్నీ కలిసినాయి."

అన్నీ కలిశాయట. అందులో నా వాల్వు కూడా ఒకటి.

భాద్రపద బహుళ దశమి

బాయిలర్ పని పక్కింటి పిల్లకు అప్పజెప్పాను. మద్దిలేటిని రక్తం కడిగే యంత్రానికి కట్టేశారు. వారంలో మూడు పూటలు దాని పక్కనే పడుకోవాలి. కిడ్నీలు తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు, చూద్దాం అంటోంది నస్రీన్.

మా అన్న వచ్చాడు. మేనల్లుడి కాళ్ళ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు, అది నిజం. తర్వాత నన్ను వరండాలోకి తీసుకుపోయాడు.

"చౌడీ, కాగితంలో కడుపు జబ్బు అని రాయమని డాక్టరమ్మకు జెప్పు."

"ఎందుకన్నా?"

"బోర్డు ఉండాది గదా. పక్క కొండలోల్లు మనల్ను సూసి పెట్టెలు కొనుక్కుంటాండారు. ఇప్పుడు ఇట్లా అని తెలిస్తే ఊరి పేరు ఏం గావల్ల? వాన్ని గూడా పైకి పంపియ్యమంటారు."

"నీ పెట్టెకు ఆకు వాసన దొరుకుతాదని తెలిసి పిల్లోల్లు వాసన ల్యానిది పట్టుకున్యారు. ఆకే తాగింటే ముందే పెట్టె కూసేది, వాని చెవులు పిండి ఇంటికి దెచ్చుకునేదాన్ని."

ఆకు మంచిదని కాదు నా మాట. అది పిల్లల ఒంటికి ఏం చేస్తుందో నస్రీన్ చెప్పింది, ఎదిగే వయసులో అదీ కాల్చేదే. కానీ ఒంట్లో ఉక్రోషం అట్లా పలికించింది. మా అన్న ముఖం చిన్నబోయింది. ఆయన పెట్టెలు పెట్టింది పిల్లల మంచికే, ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన వెళ్ళిపోయాడు.

కాగితంలో ఉన్నదున్నట్టే రాయమని చెప్పాను. నస్రీన్ అట్లాగే రాసి పంచాయతీకి పంపింది. పంచాయతీవాళ్ళు దాన్ని చదివి, భద్రంగా లోపల పెట్టుకున్నారు. బోర్డు అట్లాగే ఉంది.

ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

ఇంటికి తెచ్చుకున్నాం. తలుపు దగ్గరికి వచ్చేసరికి చెంబు నిండా ఉడుకునీళ్ళు, పైనుంచి ఆవిరి. మేము లేకపోయినా ఎవరో పోస్తూనే ఉన్నారు. చల్లారితే పారబోసి మళ్ళీ పోస్తున్నారు.

ఆ చెంబు ఎత్తి, నీళ్ళు కాలవలో పారబోసి, గడప మీద బోర్లించాను.

ఒక్క నిమిషంలో వీధి వీధంతా దిగింది. సగం మంది నవ్వుతూ బెల్లం ముక్క పట్టుకుని, సగం మంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తలుపు దగ్గర నిలబడి ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు.

"ఏమైంది చౌడక్కా? లేసినాడా, పోయినాడా?" అని అడిగింది ఎదురింటి ముసలామె.

ఆ రెండూ కాదు. మధ్యలో ఉన్నవాళ్ళకు చెంబు ఎట్లా పెట్టాలో ఈ ఊళ్ళో ఎవరూ నేర్పలేదు. మబ్బు గురించి చెప్పాను, ఉడుకునీళ్ళ గురించి చెప్పాను, మీ పిల్లల్ని ఒకసారి చూసుకోండని చెప్పాను. నవ్వు మొహాలూ పోయాయి, ఏడుపు మొహాలూ పోయాయి. బెల్లం తెచ్చినవాళ్ళు బెల్లం పట్టుకునే వెనక్కి పోయారు. మేం పోసిన నీళ్ళే వాని పాణం మీదికి తెచ్చినాయంటాందే ఈమె, ఇంత చేస్తే ఇదా ఫలం అని ఎవరో అనడం వినపడింది.

ఆశ్వయుజ బహుళ చతుర్దశి

బాయిలర్ బాగానే ఉంది. నరక చతుర్దశి. తెల్లవారకముందే లేచి ఊరంతా తలంటుకునే రోజు. ఇవాళ మనిషికి రెండు బకీట్లు. నెత్తి నిండా ఆముదం కారుతున్న మనుషులు బకీట్లతో గది తలుపు దాటి మలుపు దాకా నిలబడ్డారు.

మద్దిలేటిని ఒంటరిగా వదలలేక గదిలోనే పీట వేసి కూర్చోబెట్టాను. వాంతులు లేవు. మబ్బు మానేశాడు, చేతులు వణికినా మానేశాడు. కిడ్నీలు మాత్రం తేరుకోలేదు. ఇక తేరుకుంటాయని నస్రీన్ కూడా అనడం లేదు. ఒంటికి పోయేదే లేదు కాబట్టి తాగేది కూడా ఉండకూడదు. రోజుకు రెండు చిన్న గ్లాసులు. దాహం వేస్తే తడిగుడ్డ పెదాల మీద అద్దుకోవాలి. ఊరందరికీ నీళ్ళు పోసే నేను, నా బిడ్డ "ఒగ గుక్క మా" అంటే లేదంటున్నాను. వాడు గట్టిగా కూడా అడగడు. అడిగి, తనే తల తిప్పుకుంటాడు.

లైన్లో మూడో వీధి నాగరత్న వచ్చింది. బకీటుతో పాటు ఇత్తడి చెంబు ఉంది.

"మా పాపకు బాగల్యాదు చౌడక్కా. వారం నుంచి తిన్నది తిన్నట్టు కక్కుతాంది. చెంబు పెడదామని తెచ్చినా, మొదటి ముంత నీ చేత్తోనే పొయ్యి."

నా చెయ్యి వాల్వు మీదే ఆగిపోయింది. "పాపకు ఎన్నేండ్లు?"

"పదహైదు."

"ఉడుకునీళ్ళు పోసుకుంటే హాయిగుంటాందా?"

ఆమె ముఖం వెలిగింది. "ఔనక్కా! అదొకటే దాన్ని కాపాడతాండేది."

వాల్వు కట్టేశాను. ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను. పాపను ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపో, మబ్బు గురించి అడుగు, నీళ్ళు తాగించు గానీ ఉడుకునీళ్ళు పొయ్యొద్దు అని చెప్పాను. వెనకాల మా వాణ్ణి చూపించాను. నాగరత్న వాణ్ణి చూసింది, నన్ను చూసింది, చేతులు విదిలించుకుంది.

"నీ కొడుకు అట్లాంటోడని అందరి పిల్లోల్లూ అట్లే అంటావా? మా పాప అట్లాంటిది కాదు."

నా మాటే. అక్షరం పొల్లు పోకుండా నా మాటే.

ఆమె ఏడుస్తూ పక్కకు జరిగింది. అప్పటికే నీళ్ళు పట్టుకుని పక్కన నిలబడ్డ పెద్దాయన తన నిండు బకీటులోంచి ఒక ముంత తీసి ఆమె చెంబులో పోశాడు. తర్వాత అట్లాగే నీళ్ళు పట్టుకున్న ఇంకొకామె. తర్వాత ఆమె పక్కనాయన. పొయ్యొద్దండి, పొయ్యొద్దండి అని నేను అరుస్తూనే ఉన్నాను. పండగపూట జబ్బు బిడ్డకు నీళ్ళు లేవన్న రాక్షసి వైపు ఎవరూ చూడలేదు. అందరూ మంచివాళ్ళే. చెంబు నిండి, పొంగి, నేల మీద పారింది.

ఆ పారిన నీళ్ళు పీట దాకా వచ్చాయి. మద్దిలేటి వంగి వేలు తడుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. చూడనట్టు తల తిప్పుకున్నాను.

"మా, ఆ పాప నాకు తెలుసు," అన్నాడు. "మా బడే. నేనే ఇచ్చినా దానికి."

నాగరత్న ఆ చెంబుతో ఇంటికి పోయాక అందరినీ బయటికి పంపి తలుపేశాను, వాల్వు కట్టేసే ఉంది. బయట జనం తలుపు బాదుతున్నారు, నెత్తిన నూనె కళ్ళలోకి కారుతోందని తిడుతున్నారు. కారనీ. మద్దిలేటి గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు, వాణ్ణి తీసుకుని నాగరత్న ఇంటికి పోతున్నాను. వాడు చెప్పాల్సింది వాడు చెబుతాడు. ఆ గడప మీది చెంబు నేను బోర్లిస్తాను. కొడితే కొట్టనీ.